మబ్బు లేని రోజు

కుట్టుషాపు వెనకగది,
మే 18

మామయ్యకి,

ఉత్తరం చూసి కంగారుపడకు, అందరం బాగానే ఉన్నాం. ముందు ఈ మాట రాయమని అమ్మ పక్కనే కూర్చుని పోరింది. రాశాను. ఇప్పుడు లేచి వెళ్ళింది కాబట్టి ఇక నా మాటలు రాస్తాను.

నేను కారు నడపడం నేర్చుకున్నాను. నవ్వకు. ఇన్నేళ్ళుగా కార్లలో పడుకుని, దూరి, వంగి సీట్లకి కవర్లు కుడుతున్నదాన్ని, ముందు సీట్లో బుద్ధిగా కూర్చోవడం ఇదే మొదలు. మా షాపు ఓనరు కొత్త బండి తీసుకుని పాత తెల్ల కారు నన్ను వాడుకోమన్నాడు. ఎదురు షెడ్డు మెకానిక్, అందరూ స్పానర్ అంటారే, అతనే నేర్పాడు. ‘నీకు రివర్సు తప్ప అన్నీ వచ్చినట్టే’ అన్నాడు. ముందుకి పోయేదానికి రివర్సెందుకు అన్నాను.

అసలు సంగతేమిటంటే, అమ్మ నిన్ను చూడాలంటోంది. ఆరేళ్ళయింది మామయ్యా. రోడ్డు తెరిచి ఉన్న నాలుగు నెలలూ గ్యాంగు మేస్త్రీ క్యాంపు వదలకూడదంటావు. మంచు పడి మూసేశాక కొండ అవతల మిషన్ల షెడ్డులో ఉంటావు, అక్కణ్ణించి ఇటు దారే లేదంటావు. ఇలా అయితే నువ్వు వచ్చేదీ లేదు, మేం చూసేదీ లేదు. అందుకని ఈ వేసవిలో మేమే మీ క్యాంపుకి వస్తాం. ఆ రోడ్డుకి బండిని ఎలా తయారుచెయ్యాలో, నేనెలా తయారవ్వాలో వరసగా రాసిపెట్టు. నీ మాట జవదాటను.

అమ్మకి కాస్త నీరసంగా ఉంది. తిండి సహించడం లేదు. డాక్టరు మందులిచ్చాడు. కొండమీద చలి కదా అని అమ్మ పాత కోటు బయటికి తీస్తే వదులైపోయింది, రెండు పక్కలా రెండేసి అంగుళాలు లోపలికి కుట్టాను. ఇప్పుడు కొత్తదానిలా ఉంది.

రోడ్డు ఎప్పుడు తెరుస్తారు?

నీ దబ్బనం

*

పై క్యాంపు, పొయ్యి పక్క గది,
జూన్ 2

దబ్బనమా,

నీ ఉత్తరం మంగళవారం సరుకుల లారీలో వచ్చింది. అది చదివి గ్యాంగులో అందరికీ వినిపించాను. ‘అక్క వస్తోందట, మా అక్క వస్తోందట’ అని నేను తిరుగుతుంటే రెండోవాడు ‘మేస్త్రీ, ఊరేగింపు ఆపి పార పట్టుకో’ అన్నాడు. రెండోవాడంటే నా తర్వాతివాడు, నేను లేనప్పుడు రోడ్డు చూసేవాడు. వాడికన్నీ తొందరే. నన్ను ఈ గ్యాంగులో ‘నిదానం’ అంటారు, పేరు పెట్టి పిలిచేవాడే లేడు. ఇరవయ్యేళ్ళుగా ఈ నలభై రెండు మలుపుల్లో ఒక్క ప్రాణం పోలేదంటే ఆ నిదానం వల్లే. కాదనమను ఎవడినైనా!

అక్క వస్తే ఎక్కడ పడుకోబెట్టాలో కూడా చూసుకున్నాను. నా మంచం పొయ్యి వైపుకి జరిపాను. నేను బల్లమీద పడుకుంటాను. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పయ్యేళ్ళు లోకమంతా మాట్లాడింది విన్న మనిషి, ఇక్కడి నిశ్శబ్దానికి ఏమైపోతుందో! ఈ క్యాంపులో ఫోను లేదు గానీ, మొన్న చలికాలం షెడ్డు నుంచి చేసి ‘అక్కా’ అన్నానో లేదో, ‘గొంతేమిట్రా అలా ఉంది, జలుబు ఛాతీలోకి దిగిందా’ అంది. మనిషి గొంతు వింటే చాలు, లోపలున్నదంతా చదివేస్తుంది.

ఇక నీ పాఠం. స్పానర్ చేత ముందు బ్రేకులు విప్పించు. బ్రేకు నూనె పాతదైతే మార్పించు, కిందికి దిగేటప్పుడు అది కాగిపోతే పెడల్ మెత్తబడి కాలు నేలకి తగులుతుంది, ఇక దేవుడే దిక్కు. రేడియేటర్ గొట్టాలు చేత్తో నొక్కి చూడు, పగుళ్ళుంటే కొత్తవి వేయించు. టైర్లు నాలుగూ ఒక్కలా అరిగి ఉండాలి, ఐదోది గాలి నిండి ఉండాలి. ఆ ఐదోదాన్ని నువ్వే ఒంటిచేత్తో మార్చడం నేర్చుకో, స్పానర్‌ని వెనకసీట్లో వేసుకుని రాలేవు కదా. ఏ గేరులో ఎక్కావో అదే గేరులో దిగాలి. బ్రేకు మీద కాలు వేసి ఉంచకు. ఎదురుగా ఎక్కే బండి ఉంటే దిగేవాళ్ళే ఆగాలి. కనబడని మలుపు దగ్గర హారన్ కొట్టి, అద్దం దించి చెవి పెట్టు. రోడ్డు మీద తాజాగా పగిలిన రాళ్ళు కనిపిస్తే అక్కడ ఫొటోలకని ఆగకు. మంచినీళ్ళు, రెండు దుప్పట్లు, టార్చి, లాగే తాడు, చక్రాల కింద పెట్టడానికి రెండు చెక్కదిమ్మలు. తెల్లవారగానే కింది గేటు దాటాలి, ఎండెక్కితే కరిగిన నీళ్ళు రోడ్డు మీదకొస్తాయి.

గేటు దగ్గర వైర్‌లెస్ ఉంది. నేను పైనుంచి సరే అంటేనే గేటువాడు కర్ర ఎత్తుతాడు.

అక్కని బాగా తినమను. తిండి సహించకపోతే కొండ మీద కళ్ళు తిరుగుతాయి. ఇప్పుడే బయల్దేరకండి, రోడ్డు పక్క మంచుగోడలు ఇంకా ఇంటి ఎత్తున్నాయి. జూలై రానీ.

మామయ్య

*

కుట్టుషాపు వెనకగది,
జూలై 1

మామయ్యకి,

నీ ఉత్తరం షాపు గోడకి గుచ్చి పెట్టుకున్నాను. ఒక్కొక్కటీ అయ్యాక సుద్దతో టిక్కు పెడుతున్నాను. అన్నీ అయిపోయాయి. ఐదో టైరు పదిహేడు నిమిషాల్లో మార్చాను, స్పానర్ గడియారం పట్టుకుని నిలబడ్డాడు. ‘నీ మామయ్య ఎవరోగానీ నా పని నాకే నేర్పుతున్నాడు’ అని గొణిగాడు, కానీ బ్రేకు నూనె మార్చినప్పుడు పాతది సీసాలో పోసి నాకు చూపించాడు. బురదనీళ్ళలా ఉంది.

అమ్మ కోసం సీటు మార్చాను. ముందుసీటు వెనక్కి వాల్చి, కింద స్పాంజి మూడు పొరలు వేసి, నడుముకీ మెడకీ వేరువేరుగా దిండ్లు కుట్టాను. పక్కకి ఒరిగిపోకుండా చేతుల కింద కూడా పెట్టాను. పదేళ్ళలో ఇంత మంచి పని చెయ్యలేదు. ఆదివారం అమ్మని అందులో కూర్చోబెట్టి ఊరి చివర నీళ్ళ టాంకు దిబ్బ మీదికి తీసుకెళ్ళాను. ఆరు మలుపులున్నాయి అక్కడ. మొదటిసారి ఎక్కేటప్పుడు బండి ఆగిపోయి వెనక్కి జారింది. నేను చెమటలు కక్కుతుంటే అమ్మ కళ్ళు మూసుకునే ‘హ్యాండ్‌బ్రేకు వెయ్యవే పిచ్చిమొహమా’ అంది. నాలుగోసారికి కుదుపు లేకుండా ఎక్కించి దించాను. ఇంటికొచ్చాక ‘తమ్ముడికి రాయి, పిల్ల బాగా నడుపుతోందని’ అంది.

బండి సిద్ధం, నేను సిద్ధం, అమ్మ సిద్ధం. సంచి సర్దేసి తలుపు పక్కన పెట్టుకుంది. రోజు చెప్పు.

దబ్బనం

తా.క.: డాక్టరు ప్రయాణానికి అభ్యంతరం చెప్పలేదు. ఏది కావాలంటే అది చెయ్యనివ్వమన్నాడు.

*

పై క్యాంపు,
జూలై 14

దబ్బనమా,

పదిహేడు నిమిషాలా! మా గ్యాంగులో కొత్తవాళ్ళకి అరగంట పడుతుంది.

కానీ ఇప్పుడు వద్దమ్మా. పదకొండో మలుపు దగ్గర అంచు జారింది. జానెడే, కానీ జారింది. రాళ్ళు పేర్చి గట్టు కట్టాం, అది కుదురుకోవాలి. పైగా రోజూ మధ్యాహ్నానికి వాన. నువ్వు వాన మొదలవకముందే వచ్చేస్తావు, నిజమే, కానీ ఒక్కొక్కరోజు పదింటికే పడుతోంది. అక్క బండిలో ఉండగా నడిరోడ్డు మీద మబ్బు దిగితే ఏం చేస్తావు? ముందు చక్రం కూడా కనబడదు. అలాంటప్పుడు కొండవైపు ఆనించి, దీపాలు వెలిగించి, ఆగిపోవాలి. రాసుకో, ఇది ముందు చెప్పలేదు.

ఇంకా కొన్ని గుర్తొచ్చాయి. బ్యాటరీ కొనలు గరుకు కాగితంతో రుద్దు. అద్దం లోపలివైపు ఆవిరి పట్టకుండా గుడ్డ దగ్గరుంచుకో. ఎత్తుకి తలనొప్పి వస్తుంది, ఇరవయ్యో మలుపు దగ్గర బండి పక్కకి తీసే చోటుంది, అక్కడ అరగంట కూర్చోండి.

అక్క ఇంకా నీరసంగానే ఉందా? ఆకలికి మందేమైనా రాయమను. కొద్దిగా పుంజుకున్నాక వస్తే తనకీ హాయిగా ఉంటుంది. మంచం నెల నుంచీ పొయ్యి పక్కనే ఉంది, నేను బల్ల మీదే పడుకుంటున్నాను, అలవాటు కావాలి కదా.

మామయ్య

*

ఇల్లు, అమ్మ మంచం పక్కన,
జూలై 25

మామయ్యకి,

బ్యాటరీ రుద్దాను. గుడ్డ పెట్టాను.

అమ్మ కళ్ళల్లో వత్తులు వేసుకుని నీ ఉత్తరం కోసం చూస్తోంది. రోజూ సంచి తీసి మళ్ళీ సర్దుతుంది. ఇప్పుడు పూటకి నాలుగు చెంచాలు తింటోంది. పుంజుకోవడం సంగతి నాకు తెలియదు. మెట్లు దిగాలంటే నన్ను పట్టుకుంటోంది. కోటు మళ్ళీ కుట్టాను.

మామయ్యా, పూర్తిగా మంచి రోజు అక్కర్లేదు. ఓ మాదిరి రోజైనా చాలు. ఏదో ఒక తేదీ చెప్పు. బతిమాలుతున్నాను అనుకో.

దబ్బనం

*

పై క్యాంపు,
ఆగస్టు 1

దబ్బనమా,

రండి! ఆగస్టు తొమ్మిది, ఆదివారం. గట్టు కుదురుకుంది. నాలుగు రోజులుగా వాన లేదు. నేనే పొద్దున్నే జీపులో సగం దాకా దిగి రోడ్డు చూసి, వైర్‌లెస్‌లో సరే అంటాను. ఏడింటికి గేటు దగ్గర ఉండండి. రెండోవాడు గది ఊడ్చాడు. వాడు జన్మలో చీపురు పట్టినవాడు కాదు.

అక్కకి చెప్పు, మంచానికి రెండు పరుపులు వేశానని.

మామయ్య

*

ఇల్లు,
ఆగస్టు 10

మామయ్యకి,

నిన్న ఏం జరిగిందో నీకు పైనుంచి సగమే తెలుసు. మిగతా సగం నేను చెప్తాను.

తెల్లవారకముందే లేచి అమ్మకి ఒళ్ళు తుడిచి, కోటు తొడిగి, స్పానర్ ఒక పక్కా నేనొక పక్కా పట్టి సీట్లో కూర్చోబెట్టాం. మూడు గంటల ప్రయాణం, అమ్మ ఒక్కసారి కూడా ఆపమనలేదు. ఏడుకి ఐదు నిమిషాలుండగా గేటు చేరాం. ఆకాశం నీలంగా ఉంది. కొండ మొత్తం, కొమ్ము దాకా, స్పష్టంగా కనబడుతోంది. అమ్మ అద్దం దింపమని, ‘వాడుండేది ఎక్కడ?’ అంది. నాకేం తెలుసు, ఏదో ఒక మడత చూపించాను. అక్కడికే చూస్తూ కూర్చుంది.

ఏడింపావుకి నీ గొంతు వినిపించింది. గేటువాడి గదిలో వైర్‌లెస్ పెద్దగానే పలుకుతుంది. ‘పడమర ఓ తునక మబ్బుంది. చూస్తున్నాను. తెల్ల కారుని ఆపు’ అన్నావు. సరే అనుకున్నాం. ఎనిమిదింటికి ‘ఇంకా ఉంది, ఆపు’ అన్నావు. ఈలోగా ఉల్లిపాయల లారీ వచ్చింది, దానికి కర్ర లేచింది. ఆ వెనక ఎర్రటి చిన్న కారు, మాదానికన్నా పాతది, వెనకసీటు నిండా పిల్లలు. దానికీ లేచింది. నేను దిగి గేటువాడితో తగువుకి దిగాను. అతను తల గోక్కుని ‘అమ్మా, మేస్త్రీ గారు మీ బండి ఒక్కటే వద్దంటున్నారు’ అన్నాడు.

వచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ ఏమందో తెలుసా? ‘పాపం, ఆ పిల్లలవాళ్ళకి జాగ్రత్త చెప్పేవాళ్ళెవరూ లేరు కాబోలు’ అంది.

పదకొండింటికి ‘వెనక్కి పంపెయ్. ఇవాళ వద్దు’ అన్నావు. గేటువాడు మంచివాడు, మైకు తెచ్చి కిటికీలోంచి అమ్మకి అందించాడు, ‘మాట్లాడండి పెద్దమ్మా, మీ తమ్ముడే కదా’ అని. అమ్మ తల అడ్డంగా ఊపింది. మాట్లాడనంది. గేటువాడు లోపలికి వెళ్ళాక మాత్రం నాతో ‘గొంతు బాగానే ఉంది వాడిది’ అంది. నేను కారు దిగి, ‘నేను పోనిస్తానమ్మా, కర్ర నేనే ఎత్తుతాను’ అన్నాను. ‘వాడు వద్దన్నాడంటే వద్దు. తిప్పు’ అంది.

తిప్పాను. రివర్సు బాగానే వచ్చింది.

ఆ మబ్బు ఏమైంది మామయ్యా?

దబ్బనం

*

పై క్యాంపు,
ఆగస్టు 17

అమ్మలూ,

పన్నెండింటికి విడిపోయింది. నీ దగ్గర దాచడమెందుకు, విడిపోయి ఎటో పోయింది. చుక్క పడలేదు.

నువ్వడిగిన ప్రశ్నే రెండోవాడు ఆ రోజే అడిగాడు. మా గ్యాంగులో ఒక పద్ధతి ఉంది. సొంతవాళ్ళ బండి వస్తే మేస్త్రీ మాట చెప్పకూడదు, రెండోవాడు చెప్పాలి. నాకు ముందు మేస్త్రీగా చేసిన ముసలాయన పెట్టాడు దాన్ని. సొంతవాళ్ళ విషయంలో చూపు పనిచెయ్యదని ఆయన అనేవాడు. తొమ్మిదో తారీకు పొద్దున రెండోవాడు నా పక్కనే నిలబడి ‘పంపు మేస్త్రీ, అద్దంలా ఉంది రోడ్డు’ అన్నాడు. మైకు ఇవ్వమన్నాడు. నేనివ్వలేదు. జూలైలో కూడా ఎనిమిది రోజులు పంపొచ్చన్నాడు. మా అక్క బండిని వీడి తొందరకి వదిలేస్తానా అనుకున్నాను.

లారీ వస్తే నాకు రోడ్డు కనబడుతుంది. తడి ఎంత, రాయి ఎక్కడ, మబ్బు ఎంతసేపట్లో వస్తుంది, అన్నీ లెక్కగా కనబడతాయి. మీ బండి అనగానే రోడ్డు కనబడటం మానేస్తుంది. అక్క లోయలో కనబడుతుంది. ఒకసారి కాదు, ప్రతి మలుపు దగ్గరా కనబడుతుంది. అమ్మానాన్నా పోయాక నన్ను పెంచింది అక్కే. ఆ చేతికి నా రోడ్డు మీద ఏమైనా అయితే నేనెలా బతకను? నా మీద కోపం తెచ్చుకో, పడతాను.

అక్క నాతో మాట్లాడలేదంటే అలిగిందని నాకు తెలుసు. చిన్నప్పుడు కూడా అంతే, కోపమొస్తే నోరు విప్పేది కాదు. తన అలక నేను తీరుస్తాను.

సెప్టెంబరు మొదటివారం ఈ కొండ మీద ఏటా ఒకేలా ఉంటుంది. ఆకాశం కడిగినట్టు, నాలుగు దిక్కులా ఒక్క తునక ఉండదు. ఆరో తారీకు ఆదివారం. మాట ఇస్తున్నాను. ఆ రోజు నేను నోరు తెరవను, మైకు రెండోవాడికే ఇచ్చేస్తాను. ఇరవై రోజులే కదా. అక్కని ఆలోగా బాగా తినమను.

మామయ్య

*

ఇల్లు,
సెప్టెంబరు 5

మామయ్యా,

అమ్మ పోయింది. మొన్న గురువారం, మూడో తారీకు, ఉదయం పదిగంటలకి. నిన్న సాగనంపాం. షాపువాళ్ళు, స్పానర్, ఎక్స్ఛేంజిలో తనతో పనిచేసిన ఇద్దరు వచ్చారు.

ఆకాశం నువ్వు చెప్పినట్టే ఉంది. కడిగినట్టే ఉంది.

ఇప్పుడు నిజం రాస్తాను, ఇంక ఎవరి కోసం దాచాలి? మే నెలలోనే డాక్టరు చెప్పేశాడు. కడుపులో గడ్డ, కాలేయం దాకా పాకింది, నాలుగు నెలలు అన్నాడు. ఆ సాయంత్రమే అమ్మ నీ దగ్గరికి తీసుకెళ్ళమంది. ఆ వెంటనే, తన చావు సంగతి నీకు రాస్తే నా మొహం చూడనని ఒట్టు పెట్టింది. ఎందుకమ్మా అంటే, ‘చెబితే వాడు ఆ క్షణమే బండెక్కుతాడే. ఏడుస్తూ నడుపుతాడు. ఆ రోడ్డు మీద ఏడుస్తూ నడిపితే మనిషి మిగలడు. నాకు వాడు మిగలాలి’ అంది. ఉత్తరాలన్నీ చదివించుకుని, అక్కడక్కడా కొట్టేయించి, అప్పుడు పంపనిచ్చింది. నీరసం అని రాయమన్నదీ తనే.

గేటు దగ్గర మాట్లాడకపోవడం అలక కాదు మామయ్యా. అమ్మ నీ మీద అలగడం నేను పుట్టాక చూడలేదు. అప్పటికే తన గొంతు సగానికి పోయింది. ‘నా గొంతు వింటే వాడికి తెలిసిపోతుంది’ అంది తిరుగు దారిలో. ముప్పయ్యేళ్ళు గొంతులు విన్న మనిషికి ఆ సంగతి తెలియదా? నువ్వూ వింటే కనిపెడతావని భయపడింది. కిటికీలోంచి అందిన మైకుని చూసి చెయ్యి వెనక్కి తీసుకోవడం నేను చూశాను. ఎంత మాట్లాడాలనుందో నాకు కనిపించింది.

నీ చివరి ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. ‘ఇరవై రోజులే కదా’ అన్న ముక్క చదవకుండా వదిలేశాను. ‘ఆరో తారీకట’ అన్నాను. ‘సరే, ఆగుదాం’ అంది.

నీ మీద నాకు కోపంగా ఉంది. ఎంత కోపమంటే నీ ఉత్తరం గోడ మీంచి పీకి పారేశాను. అమ్మ మీద కూడా కోపంగా ఉంది. అన్నిటికంటే నా మీద. తొమ్మిదో తారీకున ఆ కర్ర ఎత్తడానికి నాకు రెండు చేతులున్నాయి. ఎదురింట్లో అగ్గి పుడితే కూడా నిన్ను అడిగే నీళ్ళు పోసేలా పెరిగాం మేం. నీ నోట్లోంచి వద్దన్న మాట వస్తే ఈ ఇంట్లో ఇక ఆలోచన ఉండదు. ఆ అలవాటే మమ్మల్ని గేటు దగ్గర కూర్చోబెట్టింది.

ఇప్పుడు రావద్దు. వస్తే తలుపు తీస్తాను, కానీ నీతో మాట్లాడటం నావల్ల కాదు. చూడటానికి కూడా ఇక్కడ ఏమీ లేదు.

*

పై క్యాంపు,
సెప్టెంబరు 13

అమ్మలూ,

నీ ఉత్తరం శుక్రవారం లారీలో వచ్చింది. ఆరో తారీకున మీరు రాలేదు, గేటు దగ్గర తెల్ల కారు లేదని చెప్పాడు గేటువాడు. అక్క అలక ఇంకా తీరలేదు, ఈసారి గట్టిగానే అలిగింది అనుకుని నవ్వుకున్నాను కూడా. ఆ నవ్వు గుర్తొస్తే నా మొహం మీద నేనే కొట్టుకోవాలనిపిస్తోంది.

సరుకు దించుతున్నవాళ్ళ మధ్యే నిలబడి చదివాను. చదివి జీపెక్కాను. అప్పటికి మబ్బు పూర్తిగా దిగి ఉంది, సన్నగా తుంపర పడుతోంది. ఆ లారీ తర్వాత ఇంకే బండినీ వదల్లేదు. రెండోవాడు జీపుకి అడ్డం వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ పంపు పంపు అనేవాడు రెండు చేతులూ చాపి ‘ఇవాళ వద్దు మేస్త్రీ, నీకు దణ్ణం పెడతాను, ఇవాళ వద్దు’ అన్నాడు. పక్కనుంచి తిప్పుకుని పోనిచ్చాను. మేస్త్రీనయ్యాక ఈ ఆరేళ్ళలో క్యాంపు వదలడం అదే మొదలు. వదిలితే ఏమవుతుందోనని ఇన్నేళ్ళూ భయపడ్డాను. ఏమీ కాలేదు. గట్టు మీద మనుషులు గట్టు మీదే పనిచేసుకుంటున్నారు.

ఏడుస్తూనే నడిపాను. నేల కనబడలేదు, అంచు కనబడలేదు. హారన్ కొట్టానో లేదో తెలియదు. ఏ మలుపు అయిపోయిందో, ఏది రావాలో లెక్క తప్పింది. కళ్ళు తెరిచి ఉన్నా మూసుకుని నడిపినట్టే. ఒకచోట చక్రం రాయెక్కి దిగింది, అంతే. కాస్త ఆశగానే ఉండింది నాకు, నీతో ఎందుకు అబద్ధం. ఎక్కడో ఒకచోట అయిపోతుందనుకున్నాను.

గేటు చేరాను. గేటువాడు కర్ర ఎత్తాడు. ఆ రోజు మీ బండి ఎక్కడ ఆగిందో చూపించమన్నాను. రోడ్డు పక్క గులకరాళ్ళ మీద చూపించాడు. అక్కడ నిలబడ్డాను. అక్కణ్ణించి మీ ఊరు మూడు గంటలు. నువ్వు రావద్దన్నావు. వెళ్ళినా తను లేదు. జీపు తిప్పాను. మళ్ళీ ఆ మబ్బులోనే పైకెక్కాను. ఎక్కేటప్పుడూ ఏమీ కాలేదు.

మైకు రెండోవాడికి ఇచ్చేశాను. రోడ్డు మూసేదాకా మాట వాడిదే. క్షమించమని అడగడానికి రాయడం లేదు, నన్ను క్షమించాల్సిన మనిషి అడక్కుండానే క్షమించి పోయింది, అదే నాకు తట్టుకోలేకుండా ఉంది. నువ్వు జవాబు రాయకపోయినా నేనేమీ అనుకోను. నిన్ను నువ్వు తిట్టుకుంటున్నావు కాబట్టి ఒక్క మాట చెప్పడానికే రాస్తున్నాను.

అంత చెడ్డ రోజున, అలాంటి మనిషి నడిపితే, ఆ రోడ్డు మీద ఏమీ కాలేదమ్మా. తొమ్మిదో తారీకున నువ్వు నడిపి ఉంటే పదింటికల్లా అక్క నా గదిలో కూర్చునేది. నువ్వు క్షేమంగా తీసుకొచ్చి ఉండేదానివి.

మామయ్య